బీరువాకు తాళం, పిల్లలకు మొద్దు ముద్ర

(మన పిల్లలు, మన బడులు: 6వ భాగం)



పోయిన భాగంలో హాస్టల్ అన్నం గురించి రాశాను. ఈసారి లెక్కల గురించి. ఐఐటీ ఫౌండేషన్ లెక్కలు కాదు, మూడో తరగతి తీసివేత. తెలుగులో పీహెచ్‌డీ చేసి డిగ్రీ కాలేజీలో పద్యం చెప్పుకునేవాడికి మూడో తరగతి తీసివేతతో ఏం పని అని అడిగేవాళ్లు ఉంటారు. ముందే చెప్పేస్తాను. నా క్లాసులో కూర్చునే పిల్లల్లో చాలామంది తెలుగు మీద ప్రేమతో వచ్చినవాళ్లు కాదు, లెక్కల నుంచి పారిపోయి వచ్చినవాళ్లు. పదో తరగతి గట్టెక్కి, ఇంటర్లో సీఈసీ, హెచ్ఈసీ పట్టుకుని, డిగ్రీలో బీఏకి చేరతారు. కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడితే పరుగు పందెంలో ముందుంటారు, ప్రిలిమ్స్‌లో అరిథ్‌మెటిక్ దగ్గర ఆగిపోతారు. ఆ పిల్లలు ఎక్కడ తప్పిపోయారో వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే ఇంటర్లో దొరకలేదు, పదిలో దొరకలేదు. రెండో తరగతిలోనో మూడో తరగతిలోనో పదులు, ఒకట్ల దగ్గర దొరికారు.

అక్కడ బడిలో ఒక వాక్యం వినపడుతుంది. మీరంతా విన్నదే. "ఈ పిల్లలకి లెక్కలు ఎక్కవు సార్."

వాక్యాన్ని విప్పడం నా వృత్తి కాబట్టి దీన్ని కాస్త విప్పుతాను. "ఈ పిల్లలకి" అన్నప్పుడు ఆ "ఈ" ఎవరు? పల్లె నుంచి, మాదిగ గూడెం నుంచి, ఎస్టీ కాలనీ నుంచి వచ్చే పిల్లలు. పేరు పెట్టి అంటే కేసు అవుతుంది కాబట్టి "ఈ" అంటే సరిపోతుంది. ఇక "లెక్కలు ఎక్కవు". ఇందులో పని చేసేది ఎవరు? లెక్కలు. అవే ఎక్కాలి, అవే ఎక్కడం లేదు. పాపం పిల్లలు ఒక పక్కన ఉన్నారు, లెక్కలు ఒక పక్కన ఉన్నాయి. నేర్పాల్సిన మనిషి ఆ వాక్యంలో ఎక్కడా లేడు. ఇంత సౌకర్యమైన వ్యాకరణం ఇంకో సబ్జెక్టులో దొరకదు. "నేను నేర్పలేకపోయాను" అనడానికీ "వీళ్లకి ఎక్కవు" అనడానికీ మధ్య ఉన్న దూరమే కులం.

ఇక అంకెల్లోకి వద్దాం. ప్రథమ్ వాళ్ల అసర్ సర్వే పల్లెటూళ్లలో ఇంటింటికీ వెళ్లి పిల్లల్ని పరీక్షిస్తుంది. 2024లో దేశం మొత్తం మీద మూడో తరగతి పిల్లల్లో రెండంకెల తీసివేత చేయగలిగినవాళ్లు నూటికి 33.7 మంది. 2022లో 25.9. ఐదో తరగతిలో మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు 30.7. అంటే ప్రైమరీ బడి దాటి వెళ్లే పదిమందిలో ఏడుగురు భాగహారం రాకుండానే ఆరో తరగతి గుమ్మం ఎక్కుతున్నారు. పిల్లలందరికీ మూడో తరగతి పూర్తయ్యేసరికి చదవడం, లెక్క పెట్టడం వచ్చి తీరాలని కేంద్రం 2021 జులైలో నిపుణ్ భారత్ అని మొదలుపెట్టి, గడువు 2026-27 అని రాసుకుంది. నూటికి 33 దగ్గర నిలబడి నూటికి నూరు గురించి పోస్టర్లు వేస్తున్నారు.

పదిమందిలో ఏడుగురికి రానప్పుడు అది పిల్లల బుర్ర సంగతి ఎలా అవుతుంది? ఏడుగురు మొద్దులు, ముగ్గురు తెలివైనవాళ్లు పుట్టే దేశం ఎక్కడైనా ఉందా?

మా వైపు మిరపకోతల కాలంలో అమ్మల వెంట పొలాలకు వెళ్లే పిల్లలున్నారు. ఎన్ని బుట్టలు కోశారు, బుట్టకు ఎంత, మేస్త్రీ ఎంత కోసుకున్నాడు, చేతికి ఎంత రావాలి, ఇవన్నీ నోటితో చెప్పేస్తారు. సాయంత్రాలు మా పల్లెలో సంఘం హాల్లో కూర్చోబెట్టి చదివించే పిల్లల్లో ఒక పాప ఉంది. నాలుగో తరగతి. సెలవుల్లో అమ్మతో ఆకుకూరలు అమ్ముతుంది. తోటకూర, గోంగూర కలిపి 64 రూపాయలయితే, వంద నోటిస్తే 36 తిరిగి ఇస్తుంది. ఎలా ఇస్తుందో చూడండి. ముందు ఆరు రూపాయలు చేతిలో పెట్టి "డెబ్బై" అంటుంది. తర్వాత మూడు పది నోట్లు పెట్టి "ఎనభై, తొంభై, వంద" అంటుంది. కాగితం లేదు, పెన్ను లేదు, తప్పు లేదు.

అదే పాప నోట్సులో 100 కింద 64 వేసి తీసివేయమంటే 164 రాసింది.

"చూశారా, బుర్ర లేదు" అనకండి. ఆ 164 ఎలా వచ్చిందో చూడండి. సున్నాలోంచి నాలుగు పోదు కాబట్టి నాలుగులోంచి సున్నా తీసింది, నాలుగు. పక్కన కూడా అంతే, ఆరు. ఒకటిని కిందికి దించేసింది. పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలని టీచరు ఒకటో తరగతిలో చెప్పిన సూత్రాన్ని నిక్కచ్చిగా పాటించింది. వంద రూపాయల నోటు తీసుకుని 164 తిరిగిచ్చే వ్యాపారి ప్రపంచంలో ఉండడని ఆ పాపకు మీకంటే నాకంటే బాగా తెలుసు. కానీ నోట్సులో ఉన్న వంద, సంతలో ఉన్న వంద ఒకటేనని ఎవరూ చెప్పలేదు. బడిలో లెక్క వేరే దేశపు సంగతి. అక్కడ మనకు తెలిసింది పనికిరాదని ఆ పాప మొదటి ఏడాదిలోనే నేర్చుకుంది. బడి ఏదైనా గట్టిగా నేర్పిందంటే అదే.

ఇది మా ఊరి ముచ్చటే కాదు. బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో వీధుల్లో కొబ్బరికాయలు, పండ్లు అమ్మే 9 నుంచి 15 ఏళ్ల పిల్లలు ఐదుగురిని పరిశోధకులు గమనించి 1985లో రాశారు. బేరం దగ్గర అడిగిన లెక్కల్లో నూటికి 98 పైగా సరిగ్గా చెప్పారు. అవే లెక్కలు కాగితం మీద ఉత్త అంకెలుగా ఇస్తే 37కి పడిపోయారు. మన దేశంలో ఢిల్లీ, కోల్‌కతా బజార్లలో పనిచేసే 1,436 మంది పిల్లలతో చేసిన అధ్యయనం 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో ఆ బృందంలో ఉన్నారు. బజారులో చిక్కు లెక్కలు చకచకా చేసే పిల్లలు బడి పద్ధతిలో ఇచ్చిన అంతకంటే తేలిక లెక్కల దగ్గర తడబడ్డారు. బడికి మాత్రమే వెళ్లే పిల్లలది దీనికి తలకిందులు. పుస్తకంలో లెక్క చేస్తారు, బజారు లెక్క దగ్గర నీళ్లు నములుతారు. నా దృష్టిలో ఇక్కడ అసలు ముద్దాయి రెండింటి మధ్య వంతెన వేయని బడి.

(పిల్లలు సంతలో కూర్చోవడం గొప్ప అని నేను అనడం లేదు. ఆ పాప బడిలో ఉండాలి. సంతలో నేర్చిన లెక్కని గుమ్మం బయట చెప్పులతోపాటు విడిచి రమ్మనొద్దు అంటున్నాను.)

ఆ వంతెన పేరు పుల్లలు. చింతపిక్కలు, గవ్వలు, పూసలు, ఉత్తుత్తి నోట్లు. మన టీచర్ల భాషలో టీఎల్ఎం. బీఈడీ, డీఈడీ చేసిన ప్రతివాళ్లూ దీని మీద పది మార్కుల ప్రశ్న రాసి పాసైనవాళ్లే. అందుకని ఇక్కడ కొంచెం నెమ్మదిగా నడుద్దాం, ఎందుకంటే "పుల్లలతో నేర్పండి" అనగానే "అదంతా మాకు తెలుసులే" అంటారు. తెలిస్తే 164 ఎందుకొచ్చింది?

52లోంచి 27 తీయాలి. బడిలో దీన్ని ఎలా చెప్తారు? "రెండులోంచి ఏడు పోదు. పక్కింటికి వెళ్లి అప్పు తెచ్చుకో." ఈ అప్పు అనే మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. పల్లె పిల్లలకి అప్పు అంటే ఏమిటో తెలుసు. అప్పు తెస్తే తిరిగి కట్టాలి, వడ్డీతో. కట్టకపోతే ఇంటి ముందుకొచ్చి అరుస్తారు. మరి ఐదు దగ్గర తెచ్చిన అప్పు ఎప్పుడు తీర్చాలి? ఒకటి అడిగితే పది ఎందుకు ఇచ్చాడు? ఈ ప్రశ్నలు అడిగిన పిల్లాణ్ని "నోర్మూసుకుని చెప్పింది చెయ్యి" అంటారు. నిజానికి ఆ పిల్లాడే సరిగ్గా ఆలోచించాడు. తీసివేతలో అప్పు లేదు. ఉన్నది చిల్లర మార్చుకోవడం. నా దగ్గర ఉన్న పది నోటునే విడగొట్టి పది ఒకట్లు చేసుకుంటున్నాను. ఎవరి దగ్గరికీ వెళ్లలేదు, ఎవరికీ బాకీ పడలేదు. తప్పు మాట ఒకటి తరాలుగా క్లాసులో తిరుగుతోంది, అది అర్థం కాలేదని పిల్లల్ని మొద్దులంటున్నాం.

ఇప్పుడు అదే లెక్క పుల్లలతో. చీపురు పుల్లలు సమానంగా విరిచి, పదేసి లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేయాలి. ఆ కట్టలు టీచరు కట్టి తేకూడదు. పిల్లలే కట్టాలి, ఎందుకంటే కట్టలో పది ఉన్నాయని వాళ్ల వేళ్లకు తెలియాలి. 52 అంటే 5 కట్టలు, 2 విడి పుల్లలు. అందులోంచి 27 ఇచ్చెయ్యమనాలి. పిల్లాడు రెండు విడి పుల్లలు చూస్తాడు, ఏడు కావాలి. మీ మొహం చూస్తాడు. అప్పుడు మీరు నోరు మెదపకూడదు. కష్టమే, మనకు చెప్పెయ్యాలని నాలుక దురద పెడుతుంది. కాసేపటికి వాడే ఒక కట్ట తీసుకుని రబ్బరు బ్యాండు లాగేస్తాడు. ఇప్పుడు 4 కట్టలు, 12 విడివి. ఏడు ఇచ్చేస్తే 5. రెండు కట్టలు ఇచ్చేస్తే 2 కట్టలు. 25. ఆ బ్యాండు లాగిన క్షణమే తీసివేత. మిగతాదంతా దాన్ని కాగితం మీద పెట్టడమే.

నోట్సులో ఇదే లెక్కకు 35 అని వేసినవాడితో అప్పుడు మాట్లాడొచ్చు. "ఒరే, ఉన్నదాంట్లో సగం పైనే ఇచ్చేశావు కదా, ఇంకా 35 ఎలా మిగిలింది?" వాడే నవ్వుతాడు. తన తప్పు తనే పట్టుకున్న పిల్లాడి నవ్వు ఎర్ర ఇంకు సున్నా కంటే ఎక్కువ నేర్పుతుంది.

ముందు పుల్లలు, తర్వాత నోట్లు. ఈ వరస మారిస్తే పని చెడుతుంది. కట్ట విప్పితే పది కనపడతాయి. పది రూపాయల నోటు విప్పితే ఏమీ కనపడదు, అది మనందరం ఒప్పుకున్న మాట మాత్రమే. పుల్లల్లో పది చేత్తో తడిమినవాడికి నోటులో పది నమ్మడం తేలిక. అలాగే నాలుగు వందల రెండుని 4002 అని రాసే పిల్లలు ప్రతి బడిలో ఉంటారు. విన్నది విన్నట్టు రాశారు, 400 వేసి పక్కన 2 పెట్టారు. 400 అని రాసిన పొడుగు అట్ట మీద 2 అని రాసిన చిన్న అట్టని చివరి సున్నా మీద కప్పిస్తే, ఆ రెండు ఎక్కడ కూర్చోవాలో, మధ్యలో సున్నా ఎందుకు మిగిలిందో కంటికి కనపడుతుంది. పాత పెళ్లి కార్డు అట్టలు చాలు దీనికి.

ఇక వేళ్లు. వేళ్లు లెక్కపెట్టుకునే పిల్లల వేళ్ల మీద స్కేలుతో కొట్టే టీచర్లు ఇంకా ఉన్నారు. మా నాయనమ్మ సంతకం చేయలేదు, వేలిముద్రే. కానీ బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ల కణుపులు తడుముకుంటూ ఒక్క చేతి మీద పన్నెండు లెక్కపెట్టేది. నాలుగు గిద్దలు సోల, నాలుగు సోలలు మానిక, నాలుగు మానికలు కుంచం అని కూలి గింజలు కొలిపించుకునేది. దొర ఇచ్చేటప్పుడు ఒక కుంచం, పుచ్చుకునేటప్పుడు ఒక కుంచం పెడితే చూసి పట్టుకునేది. పట్టుకుని ఏం చేయగలిగిందన్నది వేరే సంగతి. ఆమెకు లెక్క రాక మోసపోలేదు. కాగితం మీద రాసిన లెక్క ఆమె చేతికి అందక మోసపోయింది. నోటు మీద వేలిముద్ర వేయించుకున్నప్పుడు అందులో ఎన్ని సున్నాలున్నాయో ఆమెకు కనపడదు. ఇవాళ ఉపాధి హామీ గుంత దగ్గర కూడా కథ అదే. పొడవు, వెడల్పు, లోతు కొలిచి ఎన్ని ఘనపు మీటర్లో రాసేది వేరేవాళ్లు, తవ్వేది మనవాళ్లు. రేటు ఎంత, పడింది ఎంత అని నిలదీయాలంటే గుణకారం రావాలి.

అసలు విషయానికి వస్తున్నాను. సామాన్లు లేక కాదు. 1987లో వచ్చిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు కింద ప్రైమరీ బడులకు గణితం కిట్లు ఇచ్చారు. ఆ తర్వాత మన రాష్ట్రంలోనే బ్రిటన్ సాయంతో ఏపీపీఈపీ నడిచింది, కృత్యాల ద్వారా చదువు అన్నారు. 1990ల చివర్లో డీపీఈపీ వచ్చింది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లె బడుల కోసం కార్డులతో, సామాన్లతో ఒక పద్ధతి తయారుచేశారు. దాన్ని చూసి నేర్చుకుని 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బడుల్లో పెట్టి, తర్వాత తమిళనాడు మొత్తానికి తీసుకెళ్లారు. మన గడ్డ మీద పుట్టింది పక్క రాష్ట్రానికి పనికొచ్చింది. ఇక్కడ ప్రతి పథకంలోనూ కొత్త కిట్టు వచ్చింది, ప్రతి కిట్టూ బీరువాలోకి వెళ్లింది. నేను చూసిన ఒక బడిలో ప్లాస్టిక్ కవరు కూడా చింపని పూసల దండ బయటపడింది. ఎందుకు తీయలేదంటే "ఇస్తే పాడుచేస్తారు, పోతే స్టాకు రిజిస్టరులో మేం సమాధానం చెప్పాలి" అన్నారు. పిల్లల చదువు పోతే రాసుకోవడానికి రిజిస్టరు లేదు కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

ఇన్‌స్పెక్షన్ రోజున బీరువా తెరుచుకుంటుంది. అప్పుడు కూడా ఎవరి చేతికి వస్తాయి? ముందు బెంచీ వాళ్లకు. వెనక కూర్చున్న మన పిల్లలకు "చూడండి" అంటారు. టీచరు చేతిలో పుల్లలు, పిల్లల కళ్లలో పుల్లలు. చూపించి నేర్పడం, ముట్టుకోనిచ్చి నేర్పడం ఒకటి కాదు. ఈ దేశంలో "చూడు కానీ ముట్టుకోకు" అనే మాటకు చాలా పాత చరిత్ర ఉంది. గుడి దగ్గర అదే, బావి దగ్గర అదే.

బాబాసాహెబ్ బడి రోజుల సంగతి ఒకటి ధనంజయ్ కీర్ రాసిన జీవితచరిత్రలో ఉంది. బొంబాయి హైస్కూల్లో టీచరు భీమ్‌ని బోర్డు దగ్గరికి వచ్చి లెక్క చేయమన్నాడు. క్లాసంతా గగ్గోలు. సవర్ణ పిల్లలు తమ టిఫిన్ డబ్బాలు ఆ బోర్డు వెనక పెట్టుకునేవాళ్లు. భీమ్ బోర్డు ముట్టుకునేలోగా పరుగెత్తుకెళ్లి డబ్బాలు పక్కకు తీసుకున్నారు. ఆ తర్వాతే అతను సుద్దముక్క పట్టుకున్నాడు. లెక్కకూ మన చేతికీ మధ్య ఎప్పుడూ ఎవరిదో ఒకరి టిఫిన్ డబ్బా అడ్డు ఉంటుంది. ఇవాళ ఆ డబ్బా స్థానంలో స్టాకు రిజిస్టరు ఉంది.

కులం పేరు పైకి అంటేనే పిల్లల మీద ఏం జరుగుతుందో కూడా తెలుసు. కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో బడి పిల్లలకు చిక్కు దారుల పజిళ్లు ఇచ్చారు. కులం ప్రస్తావన లేనప్పుడు అణగారిన కులాల పిల్లలు, పైకులాల పిల్లలు దాదాపు సమానంగా చేశారు. అందరి ముందూ పేరూ కులమూ చదివాక మన పిల్లల పని పడిపోయింది. అదే బుర్ర, అదే కాగితం. మన క్లాసుల్లో స్కాలర్‌షిప్ ఫారాల రోజు "ఎస్సీలు లేచి నిలబడండి" అన్న తర్వాతి పీరియడే లెక్కలయితే ఆ రోజు మార్కులు ఎవరి ఖాతాలో వేయాలి?

ఇంకో ముచ్చట చెప్పాలి. మాంటిస్సోరి అనే బోర్డు హైదరాబాద్‌లో, విజయవాడలో ఎక్కడ కనపడుతుంది? పెద్ద గేటు, ఏసీ బస్సు, లక్షల్లో ఫీజు ఉన్నచోట. ఆ మరియా మాంటిస్సోరి 1907 జనవరిలో మొదటి బడి పెట్టింది రోమ్‌లో శాన్ లోరెంజో అనే కూలీల పేటలో. అంతకుముందు ఆమె పనిచేసింది బుద్ధిమాంద్యం అని డాక్టర్లు ముద్ర వేసి వదిలేసిన పిల్లలతో. విడి పూస ఒకటి, పది పూసల కడ్డీ, వంద పూసల పలక, వెయ్యి పూసల దిమ్మె అంటూ స్థానవిలువని చేతిలో పెట్టే పద్ధతి ఆమె తెచ్చిందే. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల ఏళ్ల తరబడి ఇక్కడే ఉండిపోయి టీచర్లకు నేర్పింది. పేటలో పుట్టిన చదువు గేటెడ్ కమ్యూనిటీకి చేరింది. వాళ్ల పిల్లలు పూసలు ముట్టుకుంటే "ఎక్స్‌పీరియెన్షియల్ లెర్నింగ్". మన పిల్లలు వేళ్లు ముట్టుకుంటే మొద్దుతనం.

ఇప్పుడు రెండో వైపు వాళ్లతో మాట్లాడాలి. పుల్లలకు జై కొట్టేవాళ్లతో కూడా నాకు పేచీ ఉంది.

ఎన్జీవో మిత్రులు కొందరు, కొత్తగా చేరిన ఉత్సాహవంతులు కొందరు పిల్లలకు పిక్కలు ఇచ్చి, రంగోలీ వేయించి, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. పిల్లలు నవ్వుతున్నారు, చాలా బాగుంది. ఆరు నెలల తర్వాత వెళ్లి చూస్తే ఇంకా పిక్కలే లెక్కపెడుతున్నారు. "వీళ్లకి ఇదే బాగుంటుంది, హ్యాపీగా ఉన్నారు" అంటారు. ఇది మరీ ప్రమాదం. మొదటివాడు మన పిల్లలకు లెక్క రాదన్నాడు. రెండోవాడు మన పిల్లలకు చేతితో చేసే లెక్క చాలన్నాడు. అంకె, గుర్తు, సూత్రం, బీజగణితం పక్క వీధి పిల్లలకు. చేతి పని మనకు, తల పని వాళ్లకు. మను ధర్మం పూసల దండ వేసుకుని వస్తే గుర్తుపట్టలేమా? కంచ ఐలయ్య లాంటివాళ్లు చేతి పనికి గౌరవం కావాలని ఎప్పటినుంచో రాస్తున్నది మనల్ని చేతి పనిలోనే ఉంచేయమని కాదు కదా.

పుల్లలో గణితం లేదు. అమెరికాలో డెబొరా బాల్ అనే ఆమె 1992లో ఇదే హెచ్చరిక చేసింది. సామాను ముట్టుకుంటే గణితం దానంతటదే తలకెక్కుతుందనుకోవడం మాయమంత్రాల నమ్మకం అని ఆమె వాదన. కట్ట విప్పిన వెంటనే కాగితం మీద 5 కొట్టేసి 4 రాయించాలి, 2ని 12 చేయించాలి. చేసిన ప్రతి పనికీ ఒక గుర్తు, రాసిన ప్రతి గుర్తుకీ ఒక పని. కొన్నాళ్లకు పుల్లల మీద గుడ్డ కప్పి "లోపల ఏం జరిగిందో చెప్పు" అనాలి. తర్వాత పుల్లలు తీసేసి నిలువు గీత పదికి, చుక్క ఒకటికి అని బొమ్మ గీయించాలి. ఆ తర్వాత ఉత్త అంకెలు. చెయ్యి, బొమ్మ, గుర్తు అనే ఈ మూడు మెట్లు జెరోమ్ బ్రూనర్ 1960ల్లోనే చెప్పాడు. మూడో మెట్టు ఎక్కించని వాళ్లకు మొదటి మెట్టు మీద ఫొటో దిగే హక్కు లేదు. ఎక్కాలు కూడా నేను వద్దనడం లేదు. ఏడు ఎనిమిదులు యాభై ఆరు అని నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. ఎనిమిదేసి పిక్కలు ఏడు వరసలు పేర్చి చూసిన తర్వాత చెప్పాలి, అంతే.

ఇంగ్లీషు మీడియం మీద కూడా ఒక మాట. అది మన డిమాండ్, అందులో వెనకడుగు లేదు. మన పిల్లల తెలుగు కోసం కన్నీళ్లు కార్చే పెద్దమనుషుల మనవళ్లు ఎక్కడ చదువుతున్నారో అందరికీ తెలుసు. అయితే పుల్లలు కట్టే వయసులో ఆ కట్టల్ని ఇంటి మాటతోనే లెక్కపెట్టనివ్వండి. తెలుగులో పదమూడు అంటే ముందు పది, తర్వాత మూడు. కట్ట ఒకటి, విడివి మూడు, అన్నట్టే చేతిలో ఉంటుంది. ఇంగ్లీషు థర్టీన్‌లో మూడు ముందొచ్చి వరస తిరగబడుతుంది, థర్టీతో కలిసిపోయి పిల్లలు తికమకపడతారు. పావులూరి మల్లన వందల ఏళ్ల కిందటే గణితాన్ని సంస్కృతం నుంచి తెలుగు పద్యాల్లోకి తెచ్చాడని మా సాహిత్యం వాళ్లం గొప్పగా చెప్పుకుంటాం. ఆ తెలుగు గణితం మన పల్లె దాకా రాలేదనుకోండి, అది వేరే వ్యాసం. రెండు భాషల్లో అచ్చైన పాఠ్యపుస్తకాలు ఇప్పుడు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఎడమ పేజీ, కుడి పేజీ రెండూ వాడుకోమనే నేను చెప్పేది.

టీచర్లలో మంచివాళ్లు లేరా? ఉన్నారు. సొంత డబ్బుతో అట్టలు కొని, రాత్రి కూర్చుని కార్డులు రాసే ఎస్జీటీలు నాకు తెలుసు, అందులో మనవాళ్లు చాలామంది. ఐదు తరగతులకు ఒక్కడే టీచరు, ఆ ఒక్కడూ పొద్దున్నుంచీ యాప్‌లో ఫొటోలు ఎక్కించే పనిలో ఉంటే కట్టలు విప్పించడానికి టైమెక్కడిది అన్నది న్యాయమైన మాటే. ఆ పోస్టులు నింపమని మనం కొట్లాడాలి. కానీ టైము లేదనడం వేరు, బుర్ర లేదనడం వేరు. మొదటిది చెప్పండి, మీ వెనక నిలబడతాం.

ఉద్యమ మిత్రులు కొందరు "అన్నా, సబ్‌ప్లాన్ నిధులు మళ్లిస్తుంటే, రిజర్వేషన్లు ఎగ్గొడుతుంటే నువ్వు చీపురు పుల్లల గురించి రాస్తున్నావేంటి" అన్నారు. సబ్‌ప్లాన్ నిధులు ఎంత మళ్లించారో తేల్చాలంటే ఏం కావాలి తమ్ముడూ? కేటాయింపు, ఖర్చు, శాతం, తేడా. రోస్టర్ పాయింట్లలో ఎన్ని మాయమయ్యాయో లెక్క తీయగలిగినవాళ్లు మన యూనివర్సిటీ సంఘాల్లో ఎంతమంది ఉన్నారు? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మన చేతికి చీపురు ఇవ్వడం ఈ వ్యవస్థకు బాగా అలవాటు. బడి గది ఊడ్చే వంతు ఎవరికి పడుతుందో నేను చదువుకున్న బడిలోనూ చూశాను, ఇప్పుడూ చూస్తున్నాను. ఆ చీపురు కట్ట విప్పి, పుల్లలు విరిచి, పదేసి కట్టండి. ఒక చీపురు, ఒక ప్యాకెట్ రబ్బరు బ్యాండ్లు, పాత పెళ్లి కార్డులు, కిరాణా కొట్టులో దొరికే చింతపిక్కలు. అన్నీ కలిపి సినిమా టికెట్టంత ఖర్చు కాదు.

యూనివర్సిటీ హాస్టళ్లలో ఉండి ఇది చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, పండక్కి ఇంటికెళ్లినప్పుడు మీ పల్లెలో మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని సంఘం హాల్లో కూర్చోబెట్టండి. నాలుగు లెక్కలు ఇవ్వండి: 38కి 27 కలపాలి, 52లోంచి 27 తీయాలి, 100లోంచి 64 తీయాలి, నాలుగు వందల రెండుని అంకెల్లో రాయాలి. మార్కులు వేయొద్దు. తప్పు రాసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని "ఇది ఎలా చేశావో చెప్పమ్మా" అని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు అదే కాగితం వెనక రాసుకోండి. తరగతి వారీగా కాకుండా ఎక్కడ ఆగారో చూసి గుంపులు చేయండి. ఐదో తరగతి అన్నయ్య, మూడో తరగతి చెల్లి ఒకే గుంపులో పడొచ్చు, పడనివ్వండి. రోజుకు గంట చొప్పున పండగ సెలవులన్నీ కూర్చోండి. బడి తెరిచాక ఆ కాగితాలు పట్టుకుని తల్లిదండ్రుల కమిటీ మీటింగుకు వెళ్లి, బీరువా తాళం ఎవరి దగ్గరుందో అడగండి. మీటింగు మినిట్స్‌లో ఆ ప్రశ్న రాయించండి.

కాగితాలు ఫొటో తీసి నాకు పంపండి, పిల్లల పేర్లు కొట్టేసి. వచ్చే ఆదివారం భాగహారం గురించి రాస్తాను. 612ని 6తో భాగిస్తే 12 అని రాసే పిల్లల సున్నా ఎక్కడికి పోయిందో చూద్దాం.

జై భీమ్.